పధ్నాలుగో బావి

ఇరవై రెండు. జీవమణి మళ్లీ లెక్కపెట్టింది, ఈసారి పెన్సిల్ మొనతో ఒక్కో వరుసనీ తాకుతూ. ఇరవై రెండే.

ముల్కచెలకలో ఆమె కొలిచిన బావులు ఇరవై మూడు. ఒక్కో బావి గట్టు మీదా ఎర్ర పెయింటుతో నంబరు వేసింది కూడా తనే. తొమ్మిదో నంబరు దగ్గర చెయ్యి జారి తోక కొంచెం సాగిపోయిన సంగతి సైతం గుర్తుంది. బావులు కొలిచేవాళ్లు మధ్యాహ్నం అన్నం తిన్నారో లేదో మర్చిపోతారు గాని బావిని మర్చిపోరు.

సోమవారం, పదకొండు గంటలు. పంజాగుట్టలో చీరల షాపు పైన మూడో అంతస్తు. కిటికీ పక్కగా మెట్రో వెళ్లినప్పుడల్లా కప్పులో టీ సన్నగా కదులుతుంది. గనులకూ ఫ్యాక్టరీలకూ పర్యావరణ నివేదికలు తయారుచేసి పెట్టడం ఈ ఆఫీసు పని. ఇప్పుడు చేతిలో ఉన్నది ముల్కచెలక కిందికి సాగే ఒక భూగర్భ బొగ్గుగని విస్తరణ. నివేదిక ఆరువందల పేజీలు, అంతా ఇంగ్లీషు. ఊళ్లో సభ పెట్టి జనం మాట వినేముందు దాని సారాంశం తెలుగులో అచ్చువేసి పంచాయతీలో ఉంచాలని రూలు. ఆ పాతిక పేజీల తెలుగు ఎప్పుడూ జీవమణి బల్ల మీదికే వస్తుంది. చర్చిలో ఆదివారం ప్రకటనలు రాసే చెయ్యి, తెలుగు బాగుంటుందని పేరు. అసలు కారణం అది కాదు. ఆఫీసులో ఆ తెలుగు చదివే ఓపిక ఇంకెవరికీ లేదు.

పధ్నాలుగో వరుసలో లచ్చమ్మ పేరుండాలి. పదిహేనో బావి ఆసామి పేరుంది అక్కడ. పదిహేనులో పదహారు, పదహారులో పదిహేడు, అలా చివరిదాకా ఒక్కో మెట్టు పైకి జరిగారు. క్యూలో ఒకరిని పక్కకి లాగేస్తే మిగతావాళ్లు జరిగినట్టు, ఖాళీ అన్నదే కనపడకుండా.

లెక్క తప్పిందనే అనుకుంది ఆమె. పాపం, అదే అనుకుంది.

తారక్ బల్ల కిటికీకి అటు పక్కన ఉంది. మ్యాపులన్నీ గీసేది అతనే. పెళ్లయి రెండేళ్లు, బాస్ మాటకి ఎదురుచెప్పిన రోజు లేదు, చెడ్డవాడూ కాదు.

"తారక్, జర లిస్టు చూడు. ఒక బావి ఎగిరిపోయింది."

"ఎగిరిపోలేదక్కా, తీసేశాం. ఎండిపోయిన బావిని లెక్కలోకి తీసుకోం కదా."

"ఎవరన్నరు ఎండిపోయిందని?"

తారక్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, తమాషా చేస్తోందేమో అనుకున్నాడు. "అదేంటక్కా, మీరేగా!"

స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. స్కాన్ చేసిన కాగితం. 'బావి నం. 14: ఎండిపోయినది. వాడకంలో లేదు.' కింద సంతకం. చివర 'ణి' తోకని కిందికి లాగి గీత కొట్టడం ఆమెకి స్కూలు రోజుల నుంచి అలవాటు. దొంగ సంతకం అయితే ఎంత బాగుండేది! కాదు. ఆమెదే.

మూడు వారాల కిందట, లంచ్ టైము. ఎడమచేతిలో టిఫిన్ బాక్సు మూత. బాస్ హనుమత్ప్రసాద్ గారు స్వయంగా వచ్చి పన్నెండు కాగితాలు బల్ల మీద పెట్టారు, సంతకం చేయాల్సిన చోటల్లా పసుపు చీటీ అంటించి. "గబగబా పెట్టేయమ్మా, స్కానింగుకి పంపాలి" అన్నారు. చారు వేళ్లు తుడుచుకుని పెట్టేసింది. చీటీలున్న చోట చూసింది గాని పైన ఏముందో చూడలేదు. వేరే ఎవరు తెచ్చినా అక్షరం అక్షరం చదివి ఉండేది. ఆయన తెచ్చారని చదవలేదు.

"ఈ పచ్చరంగు ఏంది?" అని అడిగింది. పక్క స్క్రీన్ మీద ముల్కచెలక మ్యాపు తెరిచి ఉంది. లచ్చమ్మ ఎకరంన్నర ఉండాల్సిన చోట లేత ఆకుపచ్చ.

"రిక్లమేషన్ ప్లానక్కా. కింద ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలు కూడా తీసేశాక పైన నేల కుంగుతుంది కదా. పగుళ్లలో బంకమట్టి కూరి, పైన మంచి మట్టి పరిచి మొక్కలు పెడతారు. వేప, కానుగ."

"అక్కడ మిర్చి ఉంది తారక్."

అతను మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకు వచ్చిన షీట్‌లో లేదక్కా" అన్నాడు మెల్లగా.

హనుమత్ప్రసాద్ గారి గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, శ్రీనగర్ కాలనీ నుంచి రోజూ నడిచే వస్తారు. ఆయన బల్ల మీద సుద్దముక్కల డబ్బా ఒకటి ఇంకా ఉంది. ఇప్పుడు బావుల్లోకి దింపే మీటర్లు వచ్చాయి గాని, జీవమణికి ఆయన నేర్పింది సుద్ద పద్ధతి. ఉక్కు టేపు కొసకి సుద్ద రాసి బావిలోకి దింపాలి. ఎక్కడిదాకా తడిసిందో చూసి, దింపిన పొడవులోంచి ఆ తడినీ గట్టు ఎత్తునీ తీసేయాలి. తెల్లారి మోటార్లు వేయకముందే కొలవాలి. మూడుసార్లు కొలవాలి. పుస్తకంలో సిరాతోనే రాయాలి, తప్పైతే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి, తెల్లరంగు పూయకూడదు. పద్దెనిమిదేళ్లుగా ఆమె వాటిలో ఒక్కటీ తప్పలేదు. తనది ఒకటి కలుపుకుంది కూడా. కొలిచాక ఆసామికి అంకె పైకి చదివి వినిపించి, పుస్తకంలో ఆ వరుస పక్కనే సంతకమో వేలిముద్రో వేయించుకుంటుంది. "నీ రెండో బైబిలు" అని ఆ పుస్తకాన్ని చూసి ఆయనే నవ్వేవారు.

"సార్, పధ్నాలుగు ఎండిపోయిందని ఎవరు రాయించారు?"

ఆయన కళ్లద్దాలు తీశారు. తారక్ అనో, టైపింగ్ తప్పనో అంటారని ఆమె ఎదురుచూసింది. అంటే నమ్మడానికి సిద్ధంగా కూడా ఉంది.

"నేనే" అన్నారు. "కూర్చో అమ్మా."

ఆమె కూర్చోలేదు.

"నీకు తెలియనిది కాదు. పైన బావి గానీ ఇల్లు గానీ ఉంటే, కింద బొగ్గు తీసిన ఖాళీలో ఇసుక నింపాకే ముందుకెళ్లాలి. ఆ ఒక్క బావి కోసం ఆ భాగం మొత్తం ఇసుకతో నింపాలి. అంత ఇసుక ఎక్కడిదమ్మా? బావి లేదంటే నేల కుంగినా పర్లేదు, తర్వాత పూడ్చి మొక్కలు పెట్టుకుంటారు. కంపెనీ వాళ్లు ఖచ్చితంగా చెప్పారు. బావి ఉంటే మన రిపోర్టు వద్దన్నారు."

"మే నెలలో కూడా అందులో నీళ్లున్నయి సార్. నేను కొలిచిన."

"నాకు తెలుసమ్మా."

"మరి నా సంతకం ఎందుకు సార్? మీది పెట్టుకోవాల్సింది."

"కొలిచింది నువ్వు కదా. నీ రీడింగ్ అంటే అనుమతులిచ్చే కమిటీలో ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అంత పేరు నీకు." ఆ మాట మెచ్చుకోలుగానే అన్నారు. ఆమెని మండించింది అదే. పద్దెనిమిదేళ్లు ఒక్కో అంకె చేర్చి కూడబెట్టుకున్న పేరుని, అడక్కుండా తీసుకెళ్లి వాడేసుకున్నారు. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి?

ఆయన మాత్రం తర్వాతి పనిలోకి వెళ్లిపోయారు. "శుక్రవారం నువ్వోసారి ముల్కచెలక వెళ్లిరావాలి. రేపు ఎవడైనా లిస్టు పట్టుకుని బావి గట్టు చూశాడంటే నంబర్లు కలవవు. పదిహేనుని పధ్నాలుగు చెయ్యి, పదహారుని పదిహేను చెయ్యి, అలా చివరిదాకా. పధ్నాలుగు మీద సున్నం కొట్టించు. ఆ ఊళ్లో నువ్వు కనపడితే ఎవరూ అనుమానపడరు. కాస్త ఎర్ర పెయింటు తీసుకెళ్లు."

"సరే సార్" అంది జీవమణి.

గది బయటికొచ్చాక గాని తను సరే అన్నదని ఆమెకి తెలియలేదు. పద్దెనిమిదేళ్ల అలవాటు, నోరు దాని పని అది చేసుకుపోయింది.

ఆ సాయంత్రం మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట దాకా నడిచింది. కోచింగ్ సెంటర్ల వాళ్లు చేతిలో పెట్టిన కరపత్రాలు నాలుగు పోగయ్యాయి. సత్యం థియేటరు వైపు సందులో ఒక పెయింట్ల షాపులో అరలీటరు ఎర్ర డబ్బా, ఒక బ్రష్షు కొంది. ఎందుకు కొంటోందో అప్పటికి ఆమెకే తేలలేదు. డబ్బా చేతిసంచీలో పెట్టుకుని, షేర్ ఆటోల గోల మధ్య నిలబడి ఉండగా ఫోన్ మోగింది. లచ్చమ్మ.

"బిడ్డా, నేను లచ్చమ్మను. తిన్నవా?"

"ఇంకా లేదవ్వా. ఏంది సంగతి?"

"ఏం లేదు. పొద్దుగాల కంపెనోళ్లు జీపేసుకోని వచ్చిండ్రు. నీ బాయి లెక్కల లేదంటున్నరు. నేను మస్తు నవ్విన. మా మణెమ్మ చీకటితోని వచ్చి మూడుమాట్ల కొలిచింది, నాతోని ఏలుముద్ర ఏపించుకున్నది, ఆమె బుక్కుల ఉన్నది పోయి చూస్కోండ్రి అన్న." లచ్చమ్మ గొంతులో గర్వం వినపడుతోంది. "మంచిగ చెప్పిన గదా?"

జీవమణి పక్కనే ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగే సాకు దొరికింది.

"చూస్త అవ్వా" అంది.

"చూసుడేంది?"

"అంటే, ఆఫీసుల..."

"రాసినవ్ గదా బిడ్డా. రాసినంక చూసుడేంది?"

అవతల కాసేపు బావి మోటారు చప్పుడు మాత్రం వినపడింది, సన్నగా, ఆగకుండా. తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు. లచ్చమ్మ ఎప్పుడూ "ఉంటనే బిడ్డా" అనకుండా పెట్టేసే మనిషి కాదు.

ఇంట్లో దయారత్నం మాట పూర్తిగా విన్నాడు. కంటి ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం అతనిది, భార్య మాట మధ్యలో అడ్డం రాడు. విన్నాక మాత్రం, "చదవకుండ ఎట్ల పెట్టినవ్?" అన్నాడు. ఆ ఒక్క ముక్క అనకుండా ఉంటే ఎంత బాగుండేదో. ఆమె అన్నం కంచం ముందుకి తోసేసి లేచిపోయింది. కోపం అతని మీద కాదు. కంచం మీదా కాదు.

మంగళవారం ఆఫీసులో బీరువా తీసి తన పుస్తకం బయటికి తీసింది. నీలం అట్ట, అంచులు మట్టికి మాసి ఉన్నాయి. పధ్నాలుగో బావి పేజీ. నేల నుంచి నీళ్లదాకా, నవంబరు: ఆరు మీటర్ల ఇరవై. మే: తొమ్మిది మీటర్ల ఎనభై ఐదు. 'మోటారు నడుస్తోంది, మిర్చి, బెండ.' పక్కన వేలిముద్ర, కొంచెం పక్కకి జారింది. ఆ పొద్దున లచ్చమ్మ సిరా అంటిన వేలు కొంగుకి తుడుచుకోబోయి, చీర పాడవుతుందని బావి గట్టుకి రాసింది. గట్టు మీద నీలం మరక పడితే, "గిది సుత సాక్షమే" అని ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ పేజీ చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఇప్పుడు వెళ్లి అరిస్తే ఏమవుతుంది? ఆయన శాంతంగా వింటారు. తెలుగు సారాంశం ఇంకెవరికో ఇస్తారు. పెయింటు డబ్బాతో ఇంకెవరినో పంపుతారు. తన సంతకం మాత్రం ఆ కాగితం మీద అలాగే ఉంటుంది.

మధ్యాహ్నం నుంచి ఆమె తలెత్తకుండా రాసింది. పాతిక పేజీలు. గని అంటే ఏమిటి, నేల ఎందుకు కుంగుతుంది, కుంగినచోట ఏం చేస్తామంటున్నారు, అన్నీ ఊరివాళ్లకి తెలిసే మాటల్లో పెట్టింది. చివర బావుల పట్టిక. దాన్ని తారక్ లిస్టు చూసి రాయలేదు.

బుధవారం నాలుగింటికి మొగిలయ్య దగ్గరికి వెళ్లింది. అమీర్‌పేట సందులో మెట్ల కింద గది, ఒక కంప్యూటరు, రెండు ప్రింటర్లు, ఒక స్టూలు. పెళ్లి కార్డుల నుంచి కోర్టు కాగితాల దాకా అన్నీ కొడతాడు. అక్షరదోషం పడనివ్వడు గాని అర్థం జోలికి పోడు. ఒకసారి చావు కార్డు మీద 'శుభం' అని ఉంటే అలాగే కొట్టి ఇచ్చాడని అమీర్‌పేటలో చెప్పుకుంటారు.

"ఇరవై మూడు వరుసలా మేడం? నిన్న మీ ఆఫీసు నుంచి ఇంగ్లిష్ కాపీ ప్రింటుకొస్తే ఇరవై రెండుండె."

జీవమణి ఉలిక్కిపడింది. "నువ్వు చదవవు గదన్నా?"

"చదవ. గడులు లెక్కవెడ్త. గడి తక్కువైతే టేబుల్ వంకర పోతది."

"ఇరవై మూడే కొట్టు."

అతను కొట్టాడు. నంబరు, ఆసామి పేరు, నవంబరు లోతు, మే లోతు, పొలంలో ఏముంది. పధ్నాలుగు: లచ్చమ్మ. పట్టిక అయిపోయాక కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి, చేతిరాతలో. మొగిలయ్య కాగితం దీపం దగ్గరికి పెట్టుకుని, కొట్టబోయి ఆగాడు. జన్మలో మొదటిసారి అర్థం జోలికి పోయాడు.

"గిది సుత కొట్టాల్నా?"

"కొట్టన్నా."

"నీ పేరుతోనే?"

"నా పేరుతోనే."

అతను ఇంకేం అడగకుండా కొట్టాడు. 'పధ్నాలుగో బావి ఎండిపోయిందని నివేదికలో ఉన్న కాగితం మీద సంతకం నాది. చదవకుండా చేశాను. అది నా తప్పు. ఆ బావిలో రెండు కాలాల్లోనూ నీళ్లున్నాయి, నేనే కొలిచాను. నా కొలతల పుస్తకంలోని ఆ పేజీ, లచ్చమ్మ వేలిముద్రతో సహా, దీని వెనక ఉంది. – ఎం. జీవమణి.'

నమూనా కాపీ తీసిచ్చి మొగిలయ్య స్టూలు మీద నుంచి లేచాడు. "చాయ్ తాగుతవా అమ్మా?" ఇన్నేళ్లలో అతను ఆమెని మేడం అనకుండా పిలవడం అదే మొదలు. ఆమె కళ్లు తుడుచుకుని, తాగుతానంది.

గురువారం పొద్దున సారాంశం కాపీ పట్టుకుని హనుమత్ప్రసాద్ గారి గది ముందు నిలబడింది. ప్రాజెక్టు బాధ్యుడిగా ఆయన సంతకం పడ్డాకే ప్రింటుకి, అక్కణ్నుంచి కలెక్టరేటుకీ పంచాయతీకీ వెళుతుంది. సంతకం చేయాల్సిన చోటల్లా పసుపు చీటీలు అంటించింది. ఆరు.

"అయిపోయిందా? భలే. రామ్మా." ఆయన పెన్ను మూత తీశారు.

"ఒకసారి చదవండి సార్."

"నువ్వు రాసింది నేను చదివేదేంటమ్మా? నా తెలుగు కంటే నీ తెలుగే నయం." మొదటి చీటీ దగ్గర సంతకం పడింది. రెండోది. మూడోది. ఆయన సంతకం పొడుగ్గా, నిదానంగా ఉంటుంది, తొందరపడరు.

ఇంకో మూడు మిగిలాయి. ఇప్పటికైనా నోరు మూసుకుంటే పని అయిపోతుంది. జీవమణి మూసుకోలేకపోయింది.

"చివరి పేజీలైనా చూడండి సార్. బావుల లిస్టుంది."

ఆయన చెయ్యి ఆగింది. తలెత్తి ఆమె మొహంలోకి చూశారు. అదే మొహం, పద్దెనిమిదేళ్లుగా అంకెలు తెచ్చి చూపించిన మొహం. ఆయన చదవాలని ఆమెకి నిజంగానే అనిపించింది. చదివి, కాగితాలు చింపి, తిట్టి, బయటికి పొమ్మంటే బాగుండునని కూడా అనిపించింది.

"లిస్టు తారక్ ఇచ్చిందేగా?"

"కాదు సార్. నేను రాసిందే."

"ఇంకేం మరి" అన్నారు. మొహం తేటపడింది. మిగిలిన మూడు చీటీల దగ్గరా సంతకాలు పెట్టి, కాగితాలు సర్ది ఆమె చేతికిచ్చారు. "పెయింటు కొన్నావా?"

"కొన్న సార్. ఎరుపే."

"సున్నం?"

"సున్నం అక్కర్లేదు సార్."

ఆయన అప్పటికే ఇంకో ఫైలు విప్పుతున్నారు.

గెలిచినట్టు ఉంటుందనుకుంది. లేదు. ఆ ఆరు సంతకాలూ ఒక్కోటీ మళ్లీ తిప్పి చూసుకుంది. నమ్మినవాడి చేత చదవకుండా సంతకం పెట్టించడం ఇంత సులువా! మూడు వారాల కిందట ఆయనకీ ఇంతే సులువై ఉండాలి. ఒక్కటే తేడా. తను రెండుసార్లు చదవమంది. ఆ రోజు ఆయన ఒక్కసారన్నా అనలేదు. ఆ తేడాని పట్టుకుని మెట్లు దిగింది.

మొగిలయ్య మధ్యాహ్నానికల్లా కాపీలన్నీ కొట్టి, కుట్టి, కట్టలు కట్టాడు. పంజాగుట్ట పోస్టాఫీసు కౌంటరులో కట్టలు అవతలి చేతుల్లోకి వెళ్లేదాకా చూసింది. రసీదు రెండు మడతలు పెట్టి నీలం అట్ట పుస్తకంలో దాచింది. ఇంకో వారానికో పది రోజులకో ఆ పుస్తకం తప్ప ఆఫీసులో తనదంటూ ఏమీ మిగలదని ఆమెకి తెలుసు.

బయట మెట్రో స్తంభం నీడలో నిలబడి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది లచ్చమ్మ.

"అవ్వా, నేను మణిని. నీ బాయి లిస్టుల ఉన్నది."

"ఉండక ఏడికి పోతది?" గొంతు ఇంకా బిగుసుకునే ఉంది.

"పోయింది అవ్వా. నేనే పోగొట్టిన. చదవకుంట ఒక కాయితం మీద సంతకం పెట్టిన. మల్ల రాసిన, నా తప్పని గూడ రాసిన. మీ పంచాయతీకి వస్తది, అందరు చదువుతరు. రేపొచ్చి నీకు ముందుగాల చెప్దామనుకుంటున్న."

అవతల మోటారు చప్పుడు. ఆమె దాన్నే వింటూ నిలబడింది. ఈసారి ఫోన్ పెట్టేసినా తప్పులేదనుకుంది.

"నంబరు జర ఎలిసింది" అంది లచ్చమ్మ చివరికి. "వానలకు నాలుగు మొత్తమే కనవడ్తలేదు. ఎర్రరంగు ఉన్నదా నీ తాన?"

"ఉన్నదవ్వా." సంచీలో డబ్బా ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది.

"అయితె చీకటితోనే రా. మోటరెయ్యకముందే కొలుద్దువు" అంది లచ్చమ్మ. "ఉంటనే బిడ్డా."